నేను చెరిపేసిన పదకొండో పాట

మాట రాని వాని మనవిని కూడా వినే దేవునికి స్తోత్రం. చెవిని చేసినవాడు ఆయనే. ఆ చెవిని అడ్డం పెట్టుకొని మనిషి చేసే పాపం కూడా ఆయనకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు ఇతరుల గొంతులు వింటూ బతికేలా నన్ను నడిపించి, అరవై ఏడేళ్ల వయసులోనూ నా వినికిడిని తీసివేయని ఆయన కనికరాన్ని ముందుగా స్తుతిస్తున్నాను. ఇక నేను చెప్పబోయేదంతా నా సిగ్గే.

సంఘంలో సౌండ్ బల్ల దగ్గర కూర్చునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ముఖ్యంగా మీకోసం రాస్తున్నాను. మీరు మైకు మీటలు పైకీ కిందికీ జరుపుతున్నప్పుడు, ఎవరి గొంతు జనానికి చేరాలో, ఎవరిది చేరకూడదో మీ వేళ్లే తేలుస్తాయి. అది చిన్న అధికారం కాదు. నేను దానితో ఏం చేశానో వినండి.

నేను మలేసియాలో కొబ్బరి తోటలో పుట్టాను. ఇరవై రెండో ఏట పనికోసం పక్కనే ఉన్న ఈ ద్వీపానికి వచ్చి ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరాను. ఫ్యాక్టరీల భవనంలో అయిదో అంతస్తు. కింద బిస్కెట్ల గోదాము. లిఫ్టు ఎక్కినప్పుడల్లా వెన్న వాసన వచ్చేది. ప్రకటనలు, పెళ్లి పాటలు, పిల్లల పాఠాలు, చైనీస్ మందుల షాపుల జింగిల్స్, ఏది వస్తే అది రికార్డు చేసేవాణ్ణి. నా పనికి ఒకే ఒక్క గట్టి నియమం ఉండేది: ఆల్బం బయటికి వచ్చేదాకా ఏ టేకునూ చెరపకూడదు. గాయకుడు దగ్గినదైనా, గిటారు తీగ తెగినదైనా సరే, రెండు డిస్కుల్లో దాచాలి. ఆ నియమం నేను పెట్టుకున్నదే. దాన్ని ఒక్కసారే తప్పాను.

ఉద్యోగంలో నా చివరి ఏడాది ఒక కంట్రీ గాయకుడు మా దగ్గరికి వచ్చాడు. ఆయనా మలేసియా తెలుగువాడే, రబ్బరు తోటలో పుట్టాడు. చిన్నప్పుడు తోట మేనేజరు బంగళా వరండాలో మోగే రేడియో విని అమెరికా పల్లెపాటలు నేర్చుకున్నాడట. నలభై ఏళ్లుగా ఈ ఊరి క్లబ్బుల్లో వెడల్పాటి టోపీ, తోలు బూట్లు వేసుకొని అవే పాడుతున్నాడు. ఈ ఉక్కలో ఆ బూట్లేమిటని అడిగితే, "పాదాలు ఉడికితేనే పాటలో ఏడుపొత్తాది" అనేవాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. నేను పనికి ముందు తలవంచి ప్రార్థన చేసుకోవడం చూసి ఆయన నన్ను పాస్టరూ అనేవాడు. నేను పాస్టరును కాను. ఆ ఏడాదే సంఘ పెద్దగా ఎన్నుకోబడ్డాను, అంతే. ఆ పెద్దరికం కొత్త చెప్పుల్లా అడుగడుగునా చప్పుడు చేస్తూ ఉండేది.

అన్ని క్లబ్బుల్లో అన్ని వేల సార్లు పాడినా, ఆయన పేరుమీద ఒక్క ఆల్బం కూడా లేదు. ఇది మొదటిది, చివరిది కూడానని ఆయనే చెప్పాడు. సగం పాటలు పాత పద్ధతిలో: ఫిడేలు, బాంజో, ఒళ్లో పడుకోబెట్టి వాయించే స్టీల్ గిటారు. మిగతా సగంలో అమెరికా దక్షిణాది రాక్ కలపాలని ఆయన పట్టు. అంటే రెండు ఎలక్ట్రిక్ గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోవాలి, డ్రమ్ములు గట్టిగా ఉండాలి, పాట అయిపోయిందనుకున్నాక ఇంకో మూడు నిమిషాలు సాగాలి. ఆ గిటార్లు రెండూ ఒకే మలయ్ మనిషి వాయించాడు, ఒకదానిమీద ఒకటి పేర్చి. పగలు బస్సు నడిపేవాడు. మంచి వాయిద్యగాడు. బాగా కుదిరితే "షియోక్ లా, అంకుల్!" అని కళ్లు మూసుకొనేవాడు. ఆ మాటకు మహా మజాగా ఉందని అర్థం.

నాకు ఆ పని నచ్చింది. దాచను. సీసా గురించి పాడుకునే ఒక తాగుబోతు పాట ఉంది అందులో. దాన్ని సరిచేస్తున్నప్పుడు నా కాలు తానంతట తానే ఆడేది. ఆడుతున్నదని గమనించినప్పుడల్లా ఆపుకునేవాణ్ణి.

పది పాటలు పూర్తయ్యాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం వాయిద్యాలు సర్దబోతుంటే అన్న టోపీ తీసి మైకు స్టాండుకు తగిలించాడు.

"పాస్టరూ, ఆగు. ఇంకోటుంది. లిస్టులో రాయలేదు."

"ఏ పాట అన్నా?"

"అమ్మ పాట. నీ పాటల పుస్తకంలో ఎతక్కు, దొరకదు."

"ఇంగ్లీషేనా?"

"కాదురా. మనదే."

నలభై ఏళ్లలో ఆయన తెలుగులో పాడగా విన్నవాళ్లు ఎవరూ లేరు. గిటారు మనిషి ఏ శ్రుతిలో అని అడిగితే, "నా ఎనకాలే రా, ఎక్కడికి తీసుకెళితే అక్కడికి" అన్నాడు. నేను రికార్డు మీట నొక్కాను.

రబ్బరు చెట్టును తెల్లారకముందే కత్తితో గీస్తారు. గీసిన చోటినుంచి పాలు కారతాయి. ఆ పాట దాని గురించే.

*కోసిన చోటే పాలు కురిసిన మాను,*
*గాయమైన చోటే నన్ను దాచిన నా తండ్రీ,*

అని మొదలైంది. మొదట ఒంటరి గొంతు, ఒక్క గిటారు. రెండో చరణానికి స్టీల్ గిటారు మూలుగులా చేరింది. చివర 'తండ్రీ' అన్న మాటమీద డ్రమ్ములు విరుచుకుపడ్డాయి, ఆ మలయ్ మనిషి గిటారు తరుముకుంటూ లేచింది. ఆయన ఆ హోరు పైనుంచి అదే మాటను మళ్లీ మళ్లీ పిలిచాడు. అయిపోయాక గిటారు మనిషి షియోక్ అనలేదు.

అన్న దగ్గి, గోరువెచ్చని నీళ్లు తాగాడు. "గొంతు ఈమజ్జిన గరుకెక్కిపోతంది. డాక్టరుకి సూపించాలి. ఇది చాల్లే, ఇంకో టేకొద్దు. దీన్ని సీసా పాట ఎనకాలే ఎట్టు."

"దేవుని పాటను సీసా పాట పక్కన పెడతావా అన్నా?"

"సీసా పాటకి ఊగినోడికే గదరా ఇది కావాల్సింది! మీ హాల్లో కూకున్నోళ్లకి ఎలాగూ ఉందికదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల నవ్వలేదు.

ఆ వారమంతా హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆ పాటనే విన్నాను. పన్నెండు సార్లు. వినడం ఆనందం కోసం కాదు, తీర్పు తీర్చడానికి. ఒక కాగితంమీద తప్పులు రాసుకున్నాను. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేదు. రక్షకుణ్ణి రబ్బరు చెట్టుతో పోల్చాడు. లేఖనంలో రబ్బరు చెట్టు ఎక్కడుంది? పరిశుద్ధ నామం పలికినచోట డ్రమ్ములు. పాడింది బార్లలో పాడే మనిషి. సీసా పాట పక్కన పెట్టమంటున్నాడు. అయిదు తప్పులు. కాగితం నిండింది. పాడటం బాగోలేదని మాత్రం ఎక్కడా రాయలేకపోయాను. అప్పుడైనా నాకు తెలియాల్సింది.

పాస్టరుగారిని అడగలేదు. అన్నను అడగలేదు. ప్రార్థన మాత్రం చేశాను; ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గు. ప్రార్థన చేశాను గాని జవాబు కోసం ఆగలేదు. ఆమెన్ అన్న నోరు మూయకముందే నా వేలు మౌసుమీద ఉంది. నిజంగా చెరిపేయాలా అని కంప్యూటరు అడిగింది. అవునన్నాను. రెండో డిస్కు దగ్గర మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్నాను. ఆ యంత్రం నన్ను రెండుసార్లు హెచ్చరించింది. నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ తరువాత మధ్యాహ్నం భోజనం బాగా తిన్నాను. అదీ గుర్తుంది.

రెండు రోజులకు అన్నను హాకర్ సెంటరుకు, మా వీధిలోని తిండి దుకాణాల చావడికి, రమ్మన్నాను. ఇక్కడ కోపీ అనే కాఫీ ముందు పెట్టుకొని, తల దించుకొని, "అన్నా, డిస్కు పాడైంది. ఆఖరి పాట పోయింది" అన్నాను. అబద్ధం ఆడటానికి తల దించుకుంటే చాలు, పశ్చాత్తాపంలా కనబడుతుంది.

ఆయన కొంతసేపు నా ముఖంలోకి చూశాడు. ఆ చూపును నేను బాధ అనుకున్నాను. తరువాత నా భుజంమీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా. దానికోసం ఏడుత్తావేటి? నా గొంతెక్కడికి పోద్ది? మళ్లీ పాడీద్దాం."

ఆ కోపీ నాకు ఆయనే కొనిపెట్టాడు. నాలుగు అరటికాయ బజ్జీలు కూడా.

మళ్లీ పాడే రోజు రెండుసార్లు వాయిదా పడింది. గొంతు బాగోలేదని ఆయనే వాయిదా వేశాడు. నేను లోలోపల దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. ఆ పాటకు దేవుడే తలుపు మూస్తున్నాడనుకున్నాను.

ఇక నా ఉద్యోగ జీవితంలో నిజంగా లెక్కకు వచ్చే రోజు స్టూడియోలో జరగలేదు, సంఘంలో జరిగింది. మాకు ఆరాధనలో, దేవుడు తమ బతుకులో చేసినదాన్ని లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ ఆదివారం నేను నిలబడ్డాను. పేరు చెప్పకుండా, ఒక బారు గాయకుడు దేవుని పాటను తాగుబోతు పాట పక్కన పెట్టబోతే, ఉద్యోగం పోయినా సరేనని నేను దాన్ని నిర్మూలం చేశానని చెప్పాను. ఉద్యోగం ఎలాగూ నాలుగు నెలల్లో ముగుస్తుందని చెప్పలేదు. అబద్ధమాడానని చెప్పలేదు. హాలంతా స్తోత్రం అంది. నాకు ఒళ్లు పులకరించింది. దాన్ని నేను పరిశుద్ధాత్మ అనుకున్నాను.

భోజనాల దగ్గర మా సంఘంలో అందరికంటే పెద్దావిడ నన్ను పిలిచింది. ఎనభై దాటిన మనిషి, మలేసియా తోటల్లో పని చేసి వచ్చినామె. స్తోత్రం అని అందరికంటే గట్టిగా అన్నది ఆమే.

"నానా, ఆ పాట ఎలగుంటాదో ఒక్క ముక్క సెప్పు. అలాటి పాట మన పిల్లల సెవిన పడకూడదని అడుగుతన్నాను."

నేను మొదటి రెండు పంక్తులు మెల్లగా అన్నాను. ఆమె చేతిలోని ప్లేటు పక్కన పెట్టేసింది. మూడో పంక్తి తానే అంది. నాలుగోది ఇద్దరం కలిసి అన్నాం.

"ఇది మా తోటలో సెట్లు గీసే ఆడమనిషి కట్టిన పాటయ్యా" అంది. "సదువు రాదు. సీకట్లో సెట్టు కాడ నిలబడి కట్టుకుంది. మాకప్పుడు గుడి లేదు, పాస్టరు లేడు. ఎవరైనా పోతే ఈ పాట పాడే మట్టి వేసేవోళ్లం. ఆమెకొక్కడే కొడుకు. పాడినోడు ఆడేనా?"

"అయ్యుండొచ్చు, ఆంటీ."

"సెరిపేసినావా?"

తలూపాను. ఆమె నన్ను తిట్టలేదు. "నానూ స్తోత్రం అన్నానే" అంది. రెండుసార్లు అంది. తినకుండా వెళ్లి కూర్చుంది.

హాలు బయట మెట్లమీదినుంచే అన్నకు ఫోను చేశాను. ఆయన కూతురు ఎత్తింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, టీచరు. "అంకుల్, డాడీ హాస్పిటల్లో ఉన్నారు. ట్యూస్‌డే ఆపరేషన్ అయిపోయింది. గొంతులో గడ్డ. వాయిస్ బాక్స్ మొత్తం తీసేశారు." ఆల్బం పని ఆగకూడదని ఎవరికీ చెప్పవద్దన్నాడట.

ఆయన ఇంటికి వచ్చాక, మూడు వారాలకు వెళ్లాను. నేనుండేది పాసిర్ రిస్‌లో, వాళ్లది చోవా చూ కాంగ్‌లో. ఈ చివరినుంచి ఆ చివరికి రైలు. దారి పొడవునా క్షమాపణ మాటలు పేర్చుకున్నాను, వాక్యాలతో సహా. మంచి ప్రసంగంలా తయారైంది.

కూతురు తలుపు తీసింది. "అంకుల్, మాట్లాడించొద్దు. నవ్వించొద్దు కూడా. పెయిన్ లా."

అన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మెడకు కట్టు. ఒళ్లో పిల్లలు రాసుకునే తెల్లపలక, మార్కరు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. నేను కూర్చున్నాను. పేర్చుకున్న ప్రసంగాన్ని పక్కన పెట్టేశాను.

"అన్నా, డిస్కు పాడవలేదు" అన్నాను.

ఆయన మార్కరు తీసి రాశాడు: *డిస్కు సత్తే ఒక్క పాటే సత్తాదా?*

"తెలుసా?"

*కోపీ తాగినపుడే.*

"మరి అడగలేదేం?"

పలక తుడిచి రాశాడు: *మళ్లీ పాడి నీ నోరు మూయిద్దామనుకున్నా. నా నోరే మూసీసినారు.* రాసి, భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా.

"డాడీ!" అని కూతురు వంటింట్లోంచి వచ్చింది. "నవ్వొద్దు అన్నాను కదా. ఏ సాంగ్?"

ఆయన నా వైపు చూశాడు. రాయలేదు. చెప్పవలసింది నేనేనన్నట్టు మార్కరుకు మూత పెట్టేశాడు.

చెప్పాను. మీ నాన్న తెలుగులో ఒక పాట పాడాడమ్మా, మీ నానమ్మ కట్టిన పాట, ఒక్కసారే పాడాడు, నేను చెరిపేశాను, పోయిందని అబద్ధం చెప్పాను, అన్నాను.

"వై?" అంది ఆమె.

ఆ ప్రశ్నకు సంఘంలో నా దగ్గర పదిహేను నిమిషాల జవాబు ఉండింది. ఆ గదిలో ఆ పిల్ల ముందు, చెప్పదగిన ఒక్క కారణం కూడా దొరకలేదు.

"అంకుల్, నేను ఎప్పుడూ వినలేదు" అంది. "డాడీ తెలుగులో పాడటం. నాట్ ఈవెన్ వన్ టైమ్. ఇంగ్లీషే. నేను పడుకునేటప్పుడు కూడా ఇంగ్లీషే." కోపంగా అనలేదు. సమాచారం చెప్పినట్టు చెప్పింది. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

అన్న మార్కరుతో కుర్చీ చెయ్యిమీద టక్కున కొట్టాడు. రాశాడు: *పాడు.*

"నేనా?"

*ఎన్ని సార్లు ఇన్నావు?*

"పన్నెండు."

*మరి?*

పాడాను. నా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు. కానీ తప్పులు వెతుకుతూ విన్న పాట తప్పులు వెతకకుండా విన్న పాటకంటే లోతుగా దిగుతుంది. ప్రతి విరుపూ, ఎక్కడ ఊపిరి తీశాడో, ఎక్కడ గొంతు జీర పోయిందో, అన్నీ నాలో ఉన్నాయి. అన్న కుర్చీమీద తాళం కొట్టాడు. నేను తొందరపడినచోట చెయ్యెత్తి ఆపాడు. చివర ఆ 'తండ్రీ' అన్న మాట దగ్గర రెండు అరచేతులతో కుర్చీని డ్రమ్ములా బాదాడు. ఆ చోటే నేను తప్పుల కాగితంలో రాసుకున్నది. కూతురు గోడకు ఆనుకొని నిలబడి, నన్ను కాదు, వాళ్ల నాన్న పెదవులను చూస్తూ ఉండిపోయింది. అవి పాటతోపాటే కదులుతున్నాయి.

పది పాటలతోనే ఆల్బం వచ్చింది. సీసా పాట తరువాత ఏమీ లేదు. విన్నవాళ్లకు అక్కడ లోటు ఉందని తెలియదు. నాకూ, ఆ రోజు వాయించినవాళ్లకూ, ఆ ఇంట్లోవాళ్లకూ, మా సంఘానికీ మాత్రమే తెలుసు. మరుసటి వానల్లో అన్న ప్రభువు దగ్గరికి వెళ్లాడు. అంతకుముందే నేను సంఘంలో మళ్లీ నిలబడి అబద్ధంతో సహా అంతా చెప్పి, పెద్దరికం వదులుకున్నాను. ఈసారి స్తోత్రం అని ఎవరూ అనలేదు. ఆ పెద్దావిడ మాత్రం బయటికి వెళ్లేటప్పుడు నా తల నిమిరింది.

ఇప్పుడు శనివారాలు ఆ కూతురు మా ఇంటికి వస్తుంది. ఆ పాట నేర్చుకుంటోంది. నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. "మాను" అన్న మాట ఆమె నోట ఇంకా సరిగా తిరగదు. పాడి, ప్రతిసారీ ఒకే ప్రశ్న అడుగుతుంది: "అంకుల్, డాడీ ఇలాగే పాడారా?"

అవునంటే ఆమె ముఖం వికసిస్తుంది. అది నాకు తెలుసు. ఆ పాటలో ఆ గొంతు ఎలా ఉండేదో విరుపు విరుపునా పోల్చి చెప్పగలవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. అవునంటే కాదనేవారు లేరు. కానీ ఆ కుటుంబానికి నేను ఒకసారి అబద్ధం చెప్పాను. అందుకే ప్రతి శనివారం, "కాదమ్మా. దగ్గరికి వచ్చావు, కానీ అలా కాదు" అంటాను. ఆమె తలూపి, మళ్లీ మొదటినుంచి అందుకుంటుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదివిన మీరు ఒక్క నిమిషం తల వంచండి. నా క్షమాపణ కోసం అడగటం లేదు; దానికి నేనే మోకరిస్తాను. ఆ పిల్లకోసం ప్రార్థించండి. నేను చెరిపిన దాన్ని తిరిగి ఇవ్వగలవాడు ఆయన ఒక్కడే. బూర మోగి చనిపోయినవారు లేచే ఆ దినాన ఆమె నాన్న గొంతు ఆయనకు తిరిగి వచ్చి, ఆ పాట ఆ నోటనే, తెలుగులోనే, డ్రమ్ములతో సహా ఆమె చెవిన పడాలని నాతో కలిసి అడగండి. ఆమెన్ అనే ముందు కాస్త ఆగండి.